బారిటోన్ పాడిన పెద్దాయన

(ఒక సంగీత సభ కార్యకర్తల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారికి, కార్యదర్శిగారికి నమస్కారం. పొద్దున్నే వచ్చి ఈ కుర్చీలన్నీ వేసినవారికి మరీ ముఖ్యంగా నమస్కారం. వారు ఎవరో నాకు తెలుసు. వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. అయ్యా, లోపలికి రండి. ముందు వరసలో చోటుంది. ఈ రోజు నేను చెప్పబోయేది మీలాంటివారి గురించే. మీరు బయట నిలబడితే నాకు మాట సాగదు. రండి, రండి... ఆఁ, కూర్చోండి.

నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు ఏ త్యాగరాజస్వామి గురించో చెబుతానని కార్యదర్శిగారు అనుకుని ఉంటారు. స్వామివారి గురించి నాకన్నా బాగా చెప్పగలిగినవారు ఈ హాల్లోనే పదిమంది ఉన్నారు. నేను వేరే సంగతి చెబుతాను. 1999లో ఉద్యోగానికి అమెరికా వెళ్లి, ఒహాయో రాష్ట్రంలో ఒక ఊళ్లో ఇరవై నాలుగేళ్లు ఉన్నాను. అందులో చాలా ఏళ్లు ప్రతి మంగళవారం సాయంత్రం ఒక చర్చి కింది హాల్లో పాడాను. ఏం పాడాను? బార్బర్‌షాప్ పాడాను. అక్కడ నాకు పాట నేర్పిన పెద్దాయన ఒకరున్నారు. ఆ సంగీతానికి అరవై ఏళ్లు చాకిరీ చేసిన మనిషి. ఒక్క పైసా తీసుకోలేదు. ఆయన పేరు చెప్పను. వేదిక మీద తన పేరు వినబడితే లేచి వంటగదిలోకి వెళ్లిపోయే మనిషి ఆయన. అందుకని పెద్దాయన అనే అంటాను.

బార్బర్‌షాప్ అంటే క్షౌరశాల. సంగీతానికి క్షౌరశాల పేరేమిటి అని అనుకుంటున్నారు కదా? మనవాళ్లు ఆశ్చర్యపోవలసిన పని లేదు. మన పెళ్లిళ్లలో సన్నాయి ఊదినవారు ఎవరు? మన గుళ్లలో మంగళవాద్యం మోగించినవారు ఎవరు? తరతరాలుగా నాయీబ్రాహ్మణులు. పొద్దున కత్తి, కత్తెర పట్టిన చేతులే ముహూర్తానికి సన్నాయి పట్టేవి, డోలు పట్టేవి. కాబట్టి క్షౌరవృత్తికీ సంగీతానికీ ఉన్న చుట్టరికం మనకు కొత్తది కాదు. నాలుగు వందల ఏళ్ల కిందట ఇంగ్లండు క్షౌరశాలల్లో కూడా గోడకు ఒక తంత్రీవాద్యం వేలాడుతూ ఉండేదట. వంతు కోసం కూర్చున్నవాళ్లు దాన్ని తీసి మీటుకునేవారు.

అమెరికాలో ఈ పాట పుట్టింది నల్లజాతివారి మధ్య. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో దక్షిణాది ఊళ్లలో వారి క్షౌరశాల అంటే మన రచ్చబండ లాంటిది. వంతు కోసం కూర్చుంటారు, కబుర్లు చెప్పుకుంటారు, ఎవరో ఒకరు పాట ఎత్తుతారు, ఇంకొకరు కింద గొంతు కలుపుతారు. కాగితం లేదు, గురువు లేడు. చెవితో వెతుక్కుంటూ స్వరాలు పట్టుకునేవారు. న్యూ ఆర్లియన్స్‌లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, తర్వాత ప్రపంచమంతా విన్న ట్రంపెట్ విద్వాంసుడు, చిన్నప్పుడు ఇలాగే ఇంకో ముగ్గురు పిల్లలతో కలిసి వీధి మూలల్లో చిల్లర డబ్బుల కోసం పాడేవాడు. ఈ మాట గుర్తుంచుకోండి. నల్లజాతివారి మధ్య పుట్టిన పాట. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

సరే, ఆ పాట ఎలా ఉంటుంది? మనది ఒక్క గొంతు సంగీతం. వయొలిన్ ఉన్నా గొంతు వెంటే నడుస్తుంది. బార్బర్‌షాప్‌లో నాలుగు గొంతులు, నాలుగు వేరు వేరు స్వరాలు. మాట మాత్రం ఒక్కటే, పలికే క్షణం కూడా ఒక్కటే. వాద్యం లేదు. తంబుర లేదు, మృదంగం లేదు. మొదట్లో ఒకరు పిచ్ పైపు ఊది శ్రుతి ఇస్తారు. అరచేతిలో ఇమిడే గుండ్రటి బిళ్ల అది, అంచు చుట్టూ రంధ్రాలుంటాయి. అది జేబులోకి వెళ్లిపోయాక ఇక ఆ నలుగురికి ఆ నలుగురే దిక్కు. పాట వరస పాడేవారు లీడ్. ఆ పైన లేతగా తేలేది టెనర్. అడుగున బేస్. నేను పాడింది బేస్. ఈ ముగ్గురూ తమ తమ స్వరాలు తీసుకోగా ఏది మిగిలిందో అది నాలుగో గొంతుది. దాన్ని బారిటోన్ అంటారు.

ఇప్పుడు మీతో ఒక పని చేయిస్తాను. శ్రుతిపెట్టె ఆపేయండి బాబూ, అక్కర్లేదు. ఎడమ పక్క వరసలన్నీ షడ్జమం పట్టండి. ఆ... నిలబెట్టండి. మధ్య వరసలు పంచమం. బాగుంది. కుడి పక్కవారు అంతర గాంధారం. అమ్మా, గమకం వద్దు, కదిలించవద్దు, గుంజ పాతినట్టు ఉండాలి. ఊపిరి చాలకపోతే పీల్చుకుని మళ్లీ అందుకోండి. ఇప్పుడు ముందు వరసకు వచ్చిన మన కుర్చీలవారు కైశికి నిషాదం. కొంచెం దించండి. ఇంకొంచెం. ఇంకొంచెం... అదీ! విన్నారా? పైన ఏదో మోగింది కదా? అది ఎవరు పాడారు? ఎవరూ పాడలేదు.

తంబుర శ్రుతి చక్కగా కుదిరితే ఎవరూ మీటని గాంధారం అందులో వినబడుతుంది. మీ అందరికీ తెలిసిన సంగతే. ఇదీ అలాంటిదే. లెక్క చెబుతాను, ఎక్కువసేపు పట్టదు. షడ్జమం సెకనుకు 220 కంపనాలు అనుకోండి. గాంధారం 275, పంచమం 330, నిషాదం 385. అంటే నాలుగు, ఐదు, ఆరు, ఏడు నిష్పత్తిలో ఉన్నాయి. షడ్జమం పాడే గొంతులో ఒక్క 220 మాత్రమే ఉండదు. దాని వెనకాల సన్నగా 440, 660, 880, 1100 కూడా ఉంటాయి. గాంధారం గొంతులో 275 వెనకాల 550, 825, 1100 ఉంటాయి. చూశారా, రెండు గొంతులూ 1100 దగ్గర కలిశాయి. పంచమం వెనకాల ఉన్న 660 షడ్జమం వెనకాల ఉన్న 660తో కలిసింది. ఇలా కలిసిన చోటల్లా బలం పెరుగుతుంది. చెవికి అక్కడ లేని ఐదో మనిషి వినబడతాడు. దాన్నే వాళ్లు కార్డ్ మోగింది అంటారు. నాలుగు స్వరాలు ఒకేసారి పలికితే దాన్ని కార్డ్ అంటారని సినిమా సంగీతం తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. మరి కీబోర్డు మీద అదే నిషాదం ఎక్కడ ఉంటుంది? 392 దగ్గర. మనం పట్టింది 385. తేడా ఏడు కంపనాలు. ఆ ఏడూ దిగితేనే మోగుతుంది. మిమ్మల్ని దించమని ఎందుకు బతిమాలానో ఇప్పుడు తెలిసిందా?

అయితే ఆ సరిచూసుకునే బరువు చాలాసార్లు బారిటోన్ మీద పడుతుంది. బారిటోన్ వరస విడిగా వింటే అది ఏ పాటో కూడా పోల్చుకోలేరు. లీడ్‌కు కింద నడుస్తూ ఉన్నట్టుండి పైకెక్కుతుంది. మళ్లీ దిగుతుంది. ఒక్కోసారి ఆరు మాటల పొడుగునా ఒకే స్వరం మీద కూర్చుంటుంది. కొత్తవారు వచ్చినప్పుడు పెద్దాయన ఒక ఆట ఆడించేవారు. అందరికీ చిన్నప్పటి నుంచి తెలిసిన పాట ఒకటి తీసుకుని తన వరస ఒక్కటే పాడి, ఇది ఏ పాటో చెప్పమనేవారు. ఎవరూ చెప్పలేకపోయేవారు. అప్పుడు మా ముగ్గురికీ సైగ చేసేవారు. మేం కలవగానే, ఓ ఇదా అని హాలంతా నవ్వేది. ఆ తర్వాత ఆయన చేసేదే అసలు సంగతి. మధ్యలో తన గొంతు ఆపేసేవారు. మేం ముగ్గురం పాడుతూనే ఉంటాం. వరస ఉంది, మాట ఉంది, అడుగున బేస్ ఉంది. కానీ పాట మీద దీపం ఆర్పినట్టయ్యేది. ఆయన మళ్లీ కలిపితే మళ్లీ వెలిగేది. నేను దాన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్న ప్రతిసారీ ఒళ్లు జలదరించేది.

పెద్దాయన సంగతికి వెళ్లే ముందు, ఆయన ప్రతి కొత్త సభ్యుడికీ మొదటి నెలలోనే చెప్పే కథ ఒకటి చెప్పాలి. ఈ పాటను కాపాడిన సంఘం ఎలా పుట్టిందనే కథ. మా మంగళవారం బృందం ఆ సంఘానికి ఒక శాఖ. 1930లు వచ్చేసరికి ఇంటింటా రేడియో వచ్చింది. గ్రామఫోను అప్పటికే ఉంది. అరుగుల మీద కూర్చుని పాడుకున్నవాళ్లు ఇంట్లో కూర్చుని వినేవాళ్లయ్యారు. ఒక్లహోమా రాష్ట్రంలో టల్సా అని చమురు సొమ్ముతో పెరిగిన నగరం ఉంది. అక్కడ ఓ.సి. క్యాష్ అనే ఆయన ఒక చమురు కంపెనీలో పన్నుల వ్యవహారాలు చూసే లాయరు. రూపర్ట్ హాల్ అనే ఆయన పెట్టుబడుల వ్యాపారి. ఇద్దరిదీ టల్సాయే. కలిసింది మాత్రం ఊరు కాని ఊళ్లో, కాన్సస్ సిటీ హోటల్ లాబీలో. మాటల్లో పాత పాటల ఊసు వచ్చింది. ఈ పాట పోతోందే అని ఇద్దరూ బాధపడ్డారు. మనం రోజూ ఎన్నిటి గురించి బాధపడటం లేదు? వాళ్లు బాధపడి ఊరుకోలేదు. టల్సా వెళ్లి ఉత్తరం రాశారు, పాడాలని ఉన్నవారు రండి అని. ప్రభుత్వం అన్నింట్లోనూ చెయ్యి పెడుతున్న ఈ రోజుల్లో ఎవరి అదుపూ లేకుండా మిగిలింది నలుగురు కలిసి పాడుకోవడం ఒక్కటే అని అందులో చమత్కారంగా రాశారు. 1938 ఏప్రిల్ 11న టల్సా క్లబ్బు డాబా మీద ఇరవై ఆరుగురు పోగయ్యారు.

సంఘానికి ఒక పేరు పెట్టారు. అమెరికాలో బార్బర్‌షాప్ క్వార్టెట్ గానాన్ని పరిరక్షించి ప్రోత్సహించే సంఘం. క్వార్టెట్ అంటే నలుగురు పాడే జట్టు. ఇంగ్లిష్‌లో ఆ పొడి అక్షరాలు ఎనిమిది. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం అప్పుడు రోజుకొక సంస్థ పెట్టి, దానికి పొడి అక్షరాల పేర్లు పెడుతోంది. వాటన్నిటికన్నా పొడుగ్గా ఉండాలని పెట్టిన పేరు అది. మూడో సమావేశానికి నూట యాభై మంది దాకా వచ్చారు. హోటల్ కిటికీలు తెరిచి పాడుతుంటే కింద వీధిలో కార్లు ఆగిపోయాయి. ప్రమాదం జరిగిందేమో అని దారిన పోయే విలేకరి ఆగాడు. ప్రమాదం కాదు, పైన ఎవరో పిచ్చివాళ్లు పాడుతున్నారు అన్నాడట పోలీసు. ఆ వార్త పత్రికల్లో దేశమంతా వెళ్లింది. మా ఊళ్లో కూడా పెడతాం, మా ఊళ్లో కూడా పెడతాం అని కబుర్లు వచ్చాయి. మరుసటి ఏడాది 1939లో టల్సాలోనే మొదటి జాతీయ పోటీ జరిగింది. పక్క ఊరు బార్ట్‌ల్స్‌విల్ క్వార్టెట్ గెలిచింది.

మరి ఇంత చేసిన క్యాష్ తీసుకున్న పదవి ఏమిటి? అధ్యక్షుడా? కాదు. ఆహ్వానం కింద తన పేరు పక్కన ఆయన రాసుకున్న హోదా 'మూడవ సహాయక తాత్కాలిక ఉపాధ్యక్షుడు'. తర్వాత సంఘం వేల మందికి పెరిగింది. అప్పుడు కూడా ఆయన పదవి అదే. ముందు 'శాశ్వత' అనే మాట ఒక్కటి చేరింది, అంతే. 1953లో పోయేదాకా ఉద్యోగం చేసుకుంటూనే ఈ పనీ చేశారు. పెద్దాయన ఈ కథ చెప్పేటప్పుడు ఆ హోదాను ఒక్క మాట తప్పకుండా, మెల్లగా, బిరుదు చదివినట్టు చదివేవారు. తన జేబు మీది పేరు బిళ్లకు మాత్రం ఏ హోదా ఉండేది కాదు.

కథ అక్కడితో ఆపేస్తే అందరికీ హాయిగా ఉండేది. పెద్దాయన ఆపేవారు కాదు. నల్లజాతివారి మధ్య పుట్టిన పాట అన్నాను, గుర్తుందా? ఈ సంఘం మొదట్లో నల్లజాతివారిని చేర్చుకోలేదు. 1941లో న్యూయార్క్ నగర పోటీలో గ్రాండ్ సెంట్రల్ రెడ్ క్యాప్స్ అనే క్వార్టెట్ గెలిచింది. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో సామాన్లు మోసే ఎర్ర టోపీ కూలీలు వారు, నల్లవారు. సెయింట్ లూయిస్‌లో జరిగే జాతీయ పోటీకి వారిని రానివ్వలేదు. ఆలోచించండి. వారి తాతల పాట. పాడి గెలిచింది వారు. తలుపు దగ్గర ఆపింది ఎవరు? పాటను పరిరక్షిస్తాం అన్నవాళ్లు. న్యూయార్క్ మాజీ గవర్నరు ఆల్ స్మిత్, ఆ నగరం పార్కుల కమిషనరు రాబర్ట్ మోజెస్ అది తప్పని సంఘం నుంచి తప్పుకున్నారు. సంఘం మాత్రం కదల్లేదు. ఆ అడ్డు తొలగడానికి 1963 దాకా పట్టింది. టల్సాలోనే 1945లో ఎడ్నా మే ఆండర్సన్ అనే ఆమె మహిళల కోసం స్వీట్ అడలైన్స్ అనే సంఘం మొదలుపెట్టారు. అదీ ఇదే నిబంధన తెచ్చింది. అది నచ్చని కొన్ని శాఖల మహిళలు బయటికి వచ్చి 1959లో హార్మనీ ఇంక్ అని వేరే సంఘం పెట్టుకున్నారు. ఆ మహిళలకు ఇక్కడి నుంచి దండం పెడుతున్నాను. తెల్లవాళ్లు కనిపెట్టిన పాట అని చాలాకాలం చెలామణీ అయిన మాట తప్పని లిన్ అబాట్ అనే పరిశోధకుడు 1992లో పాత పత్రికలన్నీ తిరగేసి నిరూపించారు.

పెద్దాయన సంఘంలో చేరింది 1961లో. అప్పటికి ఆయనకు పంతొమ్మిదేళ్లు. అంటే ఆ నిబంధన ఉన్న రోజుల్లోనే చేరారు. ఆ సంగతి దాచేవారు కాదు. ఆ హాల్లో తానూ కూర్చుని ఉన్నానని, చుట్టూ చూసినప్పుడు ఎవరు లేరో తనకు కనబడిందని, ఎందుకు లేరని మాత్రం తాను నోరు తెరిచి అడగలేదని చెప్పేవారు. మాతో చెప్పేవారు, పదహారేళ్ల పిల్లలతో కూడా చెప్పేవారు. ఇలాంటివి ఇప్పుడెందుకు, కొత్తవాళ్లు బెదిరిపోతారు అని ఒకసారి ఎవరో అన్నారు. పెద్దాయన జవాబు చెప్పలేదు. మరుసటి నెల వచ్చిన కొత్త సభ్యుడికి మళ్లీ అదే కథ, అంతే వివరంగా చెప్పారు. నేను చేరినప్పుడు ఆ హాల్లో గోధుమ రంగు మనిషిని నేనొక్కడినే. ఈ కథ నాకు వాళ్లలో ఒకరు తమంతట తాముగా చెప్పారు. నేను అక్కడ అన్నేళ్లు ఉండటానికి సగం కారణం అదే.

ఇక ఆయన చేసిన పనులు. జాబితా చదివితే ఏమీ కనబడదు. కుర్చీలు వేయడం, తీయడం. కోరస్ నిలబడే మెట్ల బల్లలు మోయడం. కాఫీ కాయడం. పాటల కాగితాలు గొంతులవారీగా పెట్టెల్లో సర్దడం. కాఫీ దగ్గర రేకు డబ్బా ఒకటి ఉండేది. మా సంఘం 1964లో కాన్సస్ రాష్ట్రం విచిటాలో, మాట రాని పిల్లలకు మాటలు నేర్పే ఒక సంస్థ బాధ్యతను తలకెత్తుకుంది. ఆ పిల్లల కోసం ఆ డబ్బా. ప్రతి మంగళవారం చిల్లర లెక్కపెట్టి చీటీ మీద రాసేవారు. ఫిబ్రవరి 14న నలుగురేసి మనుషులం గులాబీ పట్టుకుని ఇళ్లకు, ఆఫీసులకు వెళ్లి ప్రేమపాట పాడి వచ్చేవాళ్లం. శాఖకు నాలుగు డబ్బులు వచ్చేది ఆ రోజే. ఏ కారులో ఎవరు, ఏ వీధి తర్వాత ఏ వీధి అనే పటం ఆయనే గీసేవారు.

ఆయన నోటుపుస్తకం మీకు చూపించగలిగితే బాగుండేది. నల్ల అట్ట పుస్తకాలు, నేను చూసేసరికే పదకొండు ఉన్నాయి. శాఖకు ఒక్కసారి వచ్చి మళ్లీ రానివాళ్ల పేరు కూడా అందులో ఉంటుంది. పేరు, తారీకు, ఏ గొంతు, ఎవరు తీసుకొచ్చారు, కారు ఉందా లేదా. కారు లేని చోట మూలన చిన్న నక్షత్రం. అంటే వారం వారం ఎవరో ఒకరు వెళ్లి ఎక్కించుకు రావాలని. నేను వెళ్లిన మొదటి రోజు నా పేరు మూడుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత పుస్తకం నా వైపు తిప్పి, మీ లిపిలో రాయండి అన్నారు. రాశాను. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి ఇది ఎలా పలకాలి, ఇది ఎలా పలకాలి అని అడిగి, పైన తన గుర్తులేవో పెట్టుకున్నారు. నా ఆఫీసులో పదేళ్లు నా పేరు సగమే పలికారు. ఆయన రెండో మంగళవారానికల్లా దీర్ఘం కూడా పోకుండా పిలిచారు.

ఎవరైనా రెండు వారాలు రాకపోతే ఫోను చేసేవారు. ఎందుకు రాలేదని అడగరు. ఒంట్లో ఎలా ఉందని అడుగుతారు. మా నాన్నగారు పోయినప్పుడు నేను నెల రోజులు ఇక్కడే ఉండిపోయాను. తిరిగి వెళ్లిన మంగళవారం నా కుర్చీలో ఒక కవరు ఉంది. ఆ నెలలో నేర్పిన పాటల కాగితాలు, నా బేస్ వరస పొడుగునా ఎర్ర గీత, ఒక క్యాసెట్టు. ఆ క్యాసెట్ల సంగతి చెప్పాలి. స్వరలిపి చదవడం రానివాళ్లం చాలామందిమి ఉండేవాళ్లం. మా కోసం ఒక చెవిలో మన వరస, రెండో చెవిలో మిగతా మూడూ వినబడేలా రికార్డు చేసి ఇస్తారు. పెద్దాయన చాలా పాటలకు నాలుగు వరసలూ తానే పాడేవారు. ఎక్కడ పాడేవారో తెలుసా? రాత్రి ఇంట్లోవాళ్లు పడుకున్నాక, గరాజులో, కారులో కూర్చుని, అద్దాలు పైకెత్తి. కారు సీట్లు ప్రతిధ్వనిని మింగేస్తాయి, గొంతు శుభ్రంగా పడుతుంది అనేవారు. నా క్యాసెట్లలో ఒకదాని చివర, పాట అయిపోయాక, కారు తలుపు తెరిచిన చప్పుడు ఉంది. అది నా దగ్గర ఇంకా ఉంది.

ఆయన నేర్పే చోటు హాలు కాదు, బయట కార్లు నిలిపే స్థలం. అభ్యాసం తొమ్మిదిన్నరకు అయిపోతుంది. కుర్చీలు తీసేస్తాం, దీపాలు ఆర్పేస్తాం. అప్పుడు మొదలు. ప్రతి పాటకూ చివర ఒక చిన్న ముగింపు ఉంటుంది, దాన్ని ట్యాగ్ అంటారు. లీడ్ ఒక స్వరాన్ని పొడుగ్గా పట్టుకుంటే మిగతా గొంతులు దాని చుట్టూ కదులుతూ వచ్చి ఒక కార్డ్ మీద వాలతాయి. అరనిమిషం కూడా ఉండదు. కాగితం ఇవ్వకూడదు, నోటితోనే నేర్పాలి. మన గురువులు వల్లె వేయించినట్టే. మంచు పడుతుంటే జేబుల్లో చేతులు పెట్టుకుని, నోట్లోంచి ఆవిరి వస్తుండగా, ఆయన నా వరస నాకు, వాళ్ల వరసలు వాళ్లకు పాడి వినిపించేవారు. చివర తన బారిటోన్ తాను పట్టుకునేవారు. కార్డ్ మోగితే ఒక్క క్షణం ఎవరూ మాట్లాడేవారు కాదు. మళ్లీ పాడదాం అనేవారు. ఒక రాత్రి అదే ముక్క పదిహేను సార్లు పాడి ఉంటాం.

ఇప్పుడు చెప్పేది చెప్పడం నాకు కష్టం. ఆయనకు డెబ్బై ఐదు దాటాక వినికిడి తగ్గడం మొదలైంది. మొదట పోయేది పై స్థాయి. ఆ కంపనాల లెక్క చెప్పాను కదా, 1100 దగ్గర కలుస్తాయి, ఆ పైన కలుస్తాయి అని? ఆయన తన స్వరాన్ని సరిచూసుకునేది అక్కడే. అది వినబడకపోతే ఏడు కంపనాల తేడా ఎలా తెలుస్తుంది? ఎన్నో ఏళ్ల కిందటే ఆయన మా దగ్గర ఒక మాట తీసుకున్నారు. తన శ్రుతి తప్పడం మొదలైతే మొహమాటపడకుండా చెప్పాలని. మేం నలుగురం ఆరు నెలలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చివరికి చెప్పవలసిన వంతు నాకు వచ్చింది. కాఫీ గిన్నె కడుగుతుండగా చెప్పాను. ఆయన గిన్నె కడగడం ఆపలేదు. ఏ పాటలో, ఏ మాట దగ్గర అని అడిగారు. చెప్పాను. తుడిచి బోర్లించారు. నువ్వే చెప్పినందుకు సంతోషం అన్నారు. మరుసటి మంగళవారం ఆయన కోరస్‌లో నిలబడలేదు. కుర్చీలు మాత్రం మాకన్నా ముందు వేసి ఉన్నాయి. ఆ తర్వాత ఒక్క వారం కూడా మానలేదు.

2018లో సంఘం స్త్రీలను కూడా సభ్యులుగా చేర్చుకోవడం మొదలుపెట్టింది. ఎనభై ఏళ్లు పట్టింది దానికి. ఆ తర్వాత మా శాఖకు బడిలో చదివే ఒక అమ్మాయి వచ్చింది. బారిటోన్ నేర్చుకుంటానంది. పెద్దాయనకు సరిగ్గా వినబడదు కదా, ఎలా నేర్పుతారు అని నేను అనుకున్నాను. ఆయన అరచేయి చూపించి నేర్పారు. ఇక్కడ పైకి, ఇక్కడ దించు, ఇక్కడ కదలకు. నన్ను బేస్ పట్టమని, ఇంకొకరిని లీడ్ పాడమని, తాను ఆ అమ్మాయి ముఖం చూస్తూ నిలబడేవారు. కార్డ్ మోగిందో లేదో ఆయనకు ఎలా తెలిసేదో తెలుసా? మా కళ్లు చూసి. మోగినప్పుడు ఎవరి కళ్లైనా మారతాయి.

2020లో కరోనా వచ్చి, కలిసి పాడటమే ప్రమాదం అయిపోయింది. మంగళవారాలు ఆగిపోయాయి. పెద్దాయన పుస్తకాలన్నీ బల్ల మీద పెట్టుకుని రోజుకు పదిమందికి చొప్పున ఫోను చేశారు. ఫోన్లో అవతలివారి మాట ఆయనకు సగమే వినబడేది. అయినా చేశారు. పాతికేళ్ల కిందట ఒక్కసారి వచ్చి వెళ్లినవాళ్లకు కూడా చేశారట. వాళ్లలో ఇద్దరు, హాలు తెరిచాక, మళ్లీ పాటకు వచ్చారు. 2022లో ఆయన పోయారు. పుస్తకాలు ఇప్పుడు ఆ అమ్మాయి దగ్గర ఉన్నాయి. కాలేజీ అయ్యాక అదే ఊళ్లో ఉద్యోగం చూసుకుంది. నేను తిరిగి వచ్చేసే ముందు చూశాను, పన్నెండో పుస్తకం మొదలుపెట్టింది. కారు లేనివారికి నక్షత్రం అలాగే పెడుతోంది.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను. ఈ సభకు కూడా ఒక నోటుపుస్తకం కావాలని నా కోరిక. కొనుక్కొచ్చాను, ఇదుగో. మొదటి పేజీలో ఈ ముందు వరసవారి పేర్లు రాయాలి, వెళ్లేలోగా చెప్పండి. కచేరీలకు రావాలని ఉన్నా తీసుకొచ్చే మనిషి లేక ఇంట్లో ఉండిపోతున్నవారు మీకు ఎవరైనా తెలిస్తే వారి పేర్లు కూడా చెప్పండి. సభ అయ్యాక నేను బయట వేపచెట్టు కింద ఉంటాను. ముగ్గురు వస్తే ఒక ట్యాగ్ నేర్పిస్తాను. పది నిమిషాల పని. సంగీతం నేర్చుకుని ఉండాలని ఏమీ లేదు. బారిటోన్‌కు ఎవరు వస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి. ముందు ఈ కుర్చీలు తీసేద్దాం.